ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ టిక్ టిక్ అంటోంది, ఫోల్డర్లు కనిపిస్తాయి కానీ కాపీ అవ్వవు, ఏం చేయాలి?

లెక్కలమాస్టారి_సంతానం:

అందరికీ నమస్కారం. కాస్త టెన్షన్‌లో రాస్తున్నా, అడ్డదిడ్డంగా ఉంటే సర్దుకోండి. నా దగ్గర 1 టీబీ పోర్టబుల్ హార్డ్‌డిస్క్ ఉంది, ఏడేళ్ల నాటిది, వేరే కరెంటు వైరు అక్కర్లేకుండా యూఎస్‌బీ కేబుల్ ఒక్కదానితో నడిచే చిన్న రకం. వారం కిందటి దాకా బానే ఉంది. మొన్న పెడితే ఒక ఫోల్డర్ తెరుచుకోడానికే ఐదు నిమిషాలు తీసుకుంది. సరేలే అని మొత్తం సెలెక్ట్ చేసి కాపీ పెట్టా, 2 శాతం దగ్గర ఆ పచ్చ గీత ఆగిపోయి ఎంతకీ కదలదు, చివరికి ల్యాప్‌టాపే బిగుసుకుపోయింది. వైరు పీకి మళ్లీ పెడితే ఈసారి "ఈ డిస్కు వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా" అని అడిగింది. గుండె ఆగినంత పనైంది, క్యాన్సిల్ కొట్టేశా. మూడోసారి పెడితే ఏమీ జరగనట్టు అన్ని ఫోల్డర్లూ కనిపించాయి. చెవి దగ్గర పెట్టుకుని విన్నాను, గుయ్యిమని తిరుగుతూ తిరుగుతూ మధ్యలో "టిక్... టిక్... టిక్" అని మూడుసార్లు కొట్టి మళ్లీ మామూలైపోతోంది.

సినిమాలు, పాత సాఫ్ట్‌వేర్లు పోతే పోయాయి, వాటి గురించి కాదు. మా నాన్న ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పారు. క్లాసుకి వెళ్లే ముందు ప్రతి లెక్కా ఎలా మొదలుపెట్టాలో, పిల్లలు ఎక్కడ తప్పు చేస్తారో చేత్తో రాసుకున్న లాంగ్ నోటుపుస్తకాలు 14. అవి ఒక సెలవుల్లో కూర్చుని పేజీ పేజీ స్కాన్ చేశా, మొత్తం 2,340 ఫైళ్లు. అసలు పుస్తకాలు అట్టపెట్టెలో పెట్టి మర్చిపోతే చెదలు తినేసింది, రెండే మిగిలాయి. అంటే మిగతా పన్నెండూ ఇప్పుడు ఈ టిక్ టిక్ డబ్బాలోనే ఉన్నాయి. ఇంకో కాపీ ఎందుకు తీయలేదని తిట్టకండి, ఆ పని నేనే చేసుకుంటున్నా. నాన్నకి ఇంకా చెప్పలేదు.

డిస్కు ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో పెట్టి చూస్తే పసుపు రంగులో కాషన్ అంటోంది. రా వాల్యూ కాలమ్‌లో 05 ఎదురుగా 30, సీ5 ఎదురుగా 138, సీ7 ఎదురుగా సున్నా. ఇది ఇంట్లో బాగయ్యేదేనా? విండోస్‌లో డిస్కు తప్పులు సరిచేసే చెక్‌డిస్క్ కొట్టమంటారా? పైడబ్బా విప్పేసి లోపలి డిస్కుని నేరుగా కంప్యూటర్‌కి తగిలిస్తే ఏమైనా లాభమా?


వైరు_మార్చిచూడు:

ముందు కేబుల్ మార్చండి. తమాషా కాదు, సగం కేసులు అక్కడే తేలిపోతాయి. ఈ చిన్న డిస్కులు కరెంటు కూడా ఆ వైరులోంచే లాగుతాయి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వాల్సింది 500 మిల్లీయాంపులు, 3.0 అయితే 900. హబ్‌లో పెట్టినా, వైరు బాగా పొడుగైనా డిస్కు తిరగడం మొదలుపెట్టే సమయంలో కరెంటు చాలక టిక్ మని ఆగి మళ్లీ మొదలెడుతుంది. పొట్టి కేబుల్ తీసుకుని నేరుగా ల్యాప్‌టాప్ 3.0 పోర్టుకే పెట్టి చూడండి. అయితే మీకు సీ5 (చదవలేకపోయిన చోట్ల లెక్క) కూడా ఎక్కువే ఉంది కాబట్టి ఒక్క వైరుతో పోయే జబ్బులా లేదు, అయినా చూడటంలో తప్పులేదు.


ఫ్రిజ్_టెక్నీషియన్:

బ్రో ఇంత కంగారెందుకు. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి చెక్‌డిస్క్, స్లాష్ ఎఫ్, స్లాష్ ఆర్ కొట్టి రాత్రంతా వదిలేయ్, బ్యాడ్ సెక్టార్లన్నీ (డిస్కులో చెడిపోయిన చిన్న చిన్న ముక్కలు) అదే బాగుచేస్తుంది. నాకు రెండుసార్లు పనిచేసింది. అప్పటికీ కాకపోతే జిప్ కవర్లో పెట్టి డీప్ ఫ్రీజర్లో ఓ నాలుగు గంటలు ఉంచి, తీసిన వెంటనే కాపీ చేసుకో.


ప్లాటర్_మీద_ధూళి:

పై పోస్టులో చెప్పినవి రెండూ దయచేసి చేయొద్దు. ఫ్రిజ్ అన్నా, కోపం తెచ్చుకోకు, నీకు పనిచేసి ఉండొచ్చు, కానీ నేను కొన్నేళ్లు రికవరీ ల్యాబులో కూర్చున్నా, పనిచేయనివాళ్లు మా దగ్గరికి వచ్చేవాళ్లు.

చెక్‌డిస్క్‌కి కావాల్సింది ఫైల్ సిస్టమ్, అంటే ఏ ఫైలు ఎక్కడుందో చూసుకునే ఏర్పాటు, తప్పుల్లేకుండా ఉండటం. మీ ఫైళ్లు ఉన్నాయా పోయాయా అన్నది దాని బాధ కాదు. ఫలానా ఫోల్డర్ ఎంట్రీ చదవలేకపోతే దాన్ని కత్తిరించి పారేస్తుంది, దిక్కులేని ముక్కల్ని ఫౌండ్.000 అని ఒక ఫోల్డర్‌లో సీహెచ్‌కే ఫైళ్లుగా కుప్పపోస్తుంది. అదంతా ఎక్కడ రాస్తుంది? చచ్చిపోతున్న అదే డిస్కు మీద. పైగా స్లాష్ ఆర్ అంటే డిస్కు మొత్తం ఈ చివర నుంచి ఆ చివర దాకా చదువుతుంది, చదవలేని చోట పదే పదే కొట్టుకుంటుంది. కుంటుతున్న గుర్రానికి రేసు పెట్టినట్టే. డిస్కు ఆరోగ్యంగా ఉండి, కరెంటు పోయి ఫైల్ సిస్టమ్ ఒక్కటే చెదిరినప్పుడు చెక్‌డిస్క్ మంచిదే, నేనూ వాడతా. ఇక్కడ చెడింది హార్డ్‌వేర్.

ఫ్రీజర్ సంగతి. చల్లటి గ్లాసు బయటపెడితే చెమట పట్టినట్టు డిస్కు లోపల కూడా తేమ చేరుతుంది. చదివే హెడ్డు, గిర్రున తిరిగే ప్లాటర్ అనే పళ్లెం మీద ఎగిరే ఎత్తు కొన్ని నానోమీటర్లు. ఆ సందులోకి నీటి చుక్క వస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మీ అంకెలు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో రా వాల్యూలని మామూలుగా హెక్సాలో, అంటే పదహారు ఆధారంగా లెక్కించే అంకెల్లో, చూపిస్తుంది, చాలామంది ఇది గమనించరు. కాబట్టి మీ 30 అంటే నిజానికి 48, 138 అంటే 312. 05 అంటే డిస్కు ఇప్పటికే పనికిరావని తీసేసి వాటి బదులు స్పేర్ సెక్టార్లు పెట్టుకున్న చోట్లు. సీ5 అంటే చదవబోయి చదవలేకపోయి, ఏం చేయాలో తేల్చుకోలేక పెండింగులో పెట్టినవి. 312 సెక్టార్లు, ఒక్కోటి 512 బైట్లు అనుకుంటే మొత్తం కలిపి 160 కేబీ కూడా కాదు, ఇంతేనా అనిపిస్తుంది. కానీ రెండు సంగతులు. ఒకటి, ఇవి మీరు ఇంతవరకు ముట్టుకున్న చోట్ల బయటపడ్డవి మాత్రమే, ముట్టుకోని చోట ఎన్ని ఉన్నాయో ఎవరికీ తెలీదు. రెండు, ఎక్కడున్నాయి అన్నది ముఖ్యం. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్‌లో ఏ ఫైలు ఎక్కడుందో రాసుకునే ఎమ్‌ఎఫ్‌టీ అనే పట్టిక ఉంటుంది, ఆ పట్టిక మీద నాలుగు సెక్టార్లు పోయినా విండోస్ తెల్లమొహం వేసి ఫార్మాట్ చేయమంటావా అని అడుగుతుంది. మీకు జరిగింది అదే అయ్యుండొచ్చు. ఫైళ్లు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి.

సీ7 సున్నా చూసి యూఎస్‌బీ వైరు బాగుందనుకోకండి, అది డబ్బా లోపల డిస్కుకీ యూఎస్‌బీ చిప్‌కీ మధ్య ఉండే సాటా లింకులో తప్పుల లెక్క, బయటి వైరుతో దానికి సంబంధం లేదు.

డబ్బా విప్పడం గురించి. ఈ సైజు డిస్కుల్లో చాలావాటికి లోపల సాటా కనెక్టరే ఉండదు, యూఎస్‌బీ సాకెట్ నేరుగా బోర్డు మీదే అతికించి ఉంటుంది. సాటా ఉన్నవాటిలో కూడా కొన్ని మోడళ్లు మీరు పాస్‌వర్డ్ పెట్టకపోయినా సాటాని యూఎస్‌బీగా మార్చే బ్రిడ్జ్ చిప్ దగ్గరే డేటాని ఎన్‌క్రిప్ట్ చేస్తాయి, చిప్ తీసేసి చదివితే అంతా చెత్తలా కనిపిస్తుంది. విప్పొద్దు. ప్లాటర్లు ఉండే ఆ సీల్డ్ మూత జోలికి అస్సలు వెళ్లొద్దు.

ఇప్పటికి డిస్కు పీకి పక్కన పెట్టండి. బాగానే ఉందేమో అని మాటిమాటికీ పెట్టి చూడటం ఆపండి, పెట్టిన ప్రతిసారీ దాని ఆయుష్షులోంచి కొంత పోతోంది. ఒక్క ప్రశ్న: పెట్టిన ప్రతిసారీ చివరికి కనపడుతోందా, లేక అసలు కనపడకుండా టిక్ టిక్ మంటూ ఉండిపోయిన సందర్భం ఉందా? గరగరమని గీసినట్టు శబ్దం వచ్చిందా?


లెక్కలమాస్టారి_సంతానం:

కేబుల్ మార్చా, కొంచెం మెరుగు కానీ టిక్ మాత్రం అలాగే ఉంది. ప్రతిసారీ కనపడుతోంది, ఆలస్యంగానైనా. గరగర లేదు. చెక్‌డిస్క్ కొట్టలేదు, మీ పోస్టు చదివేసరికి కమాండ్ టైపు చేసి ఎంటర్ మీద వేలు పెట్టి ఉన్నా, నిజంగా. ఇప్పుడు డిస్కు బీరువాలో ఉంది.


ప్లాటర్_మీద_ధూళి:

బతికిపోయారు. గరగర ఉంటే, లేదా అసలు గుర్తించకుండా లయగా టిక్ టిక్ మంటూ ఉంటే ఇంట్లో ఏమీ చేయొద్దని చెప్పేవాణ్ణి. అప్పుడు హెడ్డు పోయినట్టు లెక్క. అదే మోడల్ ఇంకో డిస్కులోంచి హెడ్లు తీసి క్లీన్‌రూములో మార్చాలి, పీసీ-3000 లాంటి పరికరంతో చదవాలి. బోర్డు మార్చేస్తే పోలా అని కొందరంటారు, ఈ కాలపు డిస్కుల్లో ప్రతి బోర్డు మీదా ఆ డిస్కుకే చెందిన సర్దుబాట్లు ఉండే రోమ్ చిప్ ఒకటి ఉంటుంది, అది కూడా మార్చకపోతే లాభం లేదు.

మీది ఇంకా చదువుతోంది. అయినా మళ్లీ అడుగుతున్నా, ఆ స్కాన్లకి ఇంకో ప్రత్యామ్నాయమే లేదంటున్నారు కదా, ల్యాబుకి పంపే స్తోమత ఉంటే ఇప్పుడే పంపడం అన్నిటికంటే క్షేమం. ఇంట్లో ప్రయత్నించి పాడుచేసి పంపితే వాళ్లకీ కష్టమే. లేదు, ఇంట్లోనే చూస్తా అంటే చేయాల్సింది ఒక్కటే, డిస్కు మొత్తాన్ని సెక్టారు సెక్టారుగా ఇంకో దాంట్లోకి ఇమేజ్ తీసుకోవడం. రికవరీ సాఫ్ట్‌వేర్ ఏది నడిపినా ఆ ఇమేజ్ మీదే నడపాలి. ఈ డిస్కు మీద నేరుగా ఏ స్కానూ వద్దు, డీప్ స్కాన్ అని బటన్ కనపడినా సరే.


పెంగ్విన్_పక్కింటోడు:

ఇమేజ్ అంటే నేను చెప్తా, ఇదే పని మూడు నెలల కింద మా ఆఫీసులో చేశా.

జీఎన్‌యూ డీడీరెస్క్యూ వాడండి. అండర్‌స్కోర్ ఉన్న డీడీ_రెస్క్యూ వేరే సాధనం, పేర్లు చూసి తికమక పడకండి, ఉబుంటులో ప్యాకేజీ పేరు జీడీడీరెస్క్యూ. అసలు ఇన్‌స్టాల్ గొడవే వద్దనుకుంటే సిస్టమ్‌రెస్క్యూ అనే లైవ్ లినక్స్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసి బూట్ చేయండి, అందులో ఇదీ, పోయిన పార్టిషన్లు వెతికే టెస్ట్‌డిస్కూ రెండూ ఉంటాయి. విండోస్‌లో వద్దు అనడానికి కారణం ఉంది, డిస్కు పెట్టగానే విండోస్ దాన్ని చదవాలని, ఇండెక్స్ చేయాలని, థంబ్‌నెయిల్ గీయాలని వెంటపడుతుంది. లినక్స్‌లో కూడా డెస్క్‌టాప్ మీద డ్రైవ్ బొమ్మ కనపడితే క్లిక్ చేయకండి, మౌంట్ అవ్వకుండా (సిస్టమ్ దాన్ని తెరిచి వాడకుండా) ఉండాలి.

మామూలు కాపీకీ దీనికీ తేడా ఏంటంటే, మామూలు కాపీ చెడ్డ చోటు తగిలితే అక్కడే తల బాదుకుంటుంది, మీ పచ్చ గీత 2 శాతం దగ్గర చేసింది అదే. డీడీరెస్క్యూ మొదటి రౌండులో చెడ్డ చోటు రాగానే దాన్ని దాటేసి ముందుకి గెంతుతుంది, తేలిగ్గా వచ్చేదంతా ముందు లాగేసుకుంటుంది. ఆ తర్వాతే వెనక్కి వచ్చి వదిలేసిన చోట్ల అంచులు కత్తిరించుకుంటూ, చివర్లో ఒక్కో సెక్టారు గీకుతుంది. ఏది వచ్చింది, ఏది రాలేదు అన్నది మ్యాప్ ఫైలు అని ఒక చిన్న టెక్స్ట్ ఫైల్లో రాసుకుంటుంది. మధ్యలో కరెంటు పోయినా, డిస్కు అలిగి కూర్చున్నా మళ్లీ అదే కమాండు, అదే మ్యాప్ ఫైలు ఇస్తే ఆపిన చోట నుంచే మొదలవుతుంది. ఆ మ్యాప్ ఫైలు పారేసుకుంటే మాత్రం కథ మొదటికొస్తుంది, కాబట్టి లైవ్ పెన్‌డ్రైవ్ మెమరీలో కాకుండా మంచి డిస్కులోనే పెట్టండి.

మీ ఫైళ్లు 300 జీబీయే అయినా ఇమేజ్ 1 టీబీ మొత్తం వస్తుంది, ఖాళీ జాగా కూడా కాపీ అవుతుంది కదా. కాబట్టి 1 టీబీ పైన ఖాళీ ఉన్న డిస్కు కావాలి, 2 టీబీ తీసుకోండి. ఆ కొత్త డిస్కు ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు పట్టదు, ముందే చూసుకోండి.

కమాండ్ ఇలా: డీడీరెస్క్యూ, మైనస్ డి, మైనస్ ఎన్, తర్వాత చెడ్డ డిస్కు పేరు, తర్వాత ఇమేజ్ ఫైలు పేరు, ఆఖర్న మ్యాప్ ఫైలు పేరు. అక్షరాలు చిన్నవే కొట్టాలి, పెద్ద ఎన్‌కి వేరే అర్థం ఉంది. మైనస్ ఎన్ అంటే ఆఖరి గీకుడు ఇప్పుడే వద్దు అని. అది పూర్తయ్యాక ఎన్ తీసేసి, మైనస్ ఆర్ 3 అని పెట్టి అదే మ్యాప్ ఫైలుతో మళ్లీ నడపండి.

ఇక్కడ చేతులు వణకాల్సిన చోటు ఒకటుంది. ముందు రాసేది పాత డిస్కు, తర్వాత రాసేది కొత్తది. తిరగేస్తే ఖాళీ డిస్కుని తెచ్చి నాన్నగారి నోటుపుస్తకాల మీద రాసేసే ప్రమాదం ఉంది. ఎల్‌ఎస్‌బీఎల్‌కే, మైనస్ ఓ, తర్వాత నేమ్, సైజ్, మోడల్, సీరియల్ అని కామాలతో (ఖాళీ లేకుండా) కొట్టి సైజు, మోడల్, సీరియల్ నంబర్ చూసుకోండి. ఇంకా పెద్ద మోసం, డిస్కు మధ్యలో అలిగి ఊడిపోయి మళ్లీ తగిలిస్తే లినక్స్ ఇచ్చే పేరు మారిపోయి నిన్న ఎస్‌డీబీగా ఉన్నది ఈరోజు ఎస్‌డీడీగా వస్తుంది. నేను అక్కడే ఒకసారి చెమటలు కక్కా. అందుకే ఎస్‌డీబీ అని రాయకుండా డెవ్ లోపల డిస్క్, బై-ఐడీ అనే ఫోల్డర్‌లో సీరియల్ నంబరుతో ఉండే పొడుగు పేరు వాడండి, అది మారదు. డిస్కుని బల్ల మీద చదునుగా పెట్టి పక్కన ఫ్యాన్ వేయండి, అది నడుస్తున్నప్పుడు చేత్తో ఎత్తకండి.


ఫ్రిజ్_టెక్నీషియన్:

సరే ఒప్పుకున్నా, ఫ్రీజర్ మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ నాకు పనిచేసిన మాట నిజమే 🙂


లెక్కలమాస్టారి_సంతానం:

నాలుగు రోజుల తర్వాత అప్‌డేట్. ల్యాబు గురించి ఒక రాత్రంతా ఆలోచించా, కానీ ఇంకా చదువుతోంది కదా అని ధైర్యం చేశా. తప్పో ఒప్పో తెలీదు.

శుక్రవారం రాత్రి మొదలుపెట్టా. మొదట్లో సెకనుకి 80 ఎంబీ దాకా పోతుంటే ఇంతేనా అనుకున్నా. 11 శాతం దగ్గర సున్నాకి పడిపోయింది, టిక్ టిక్ మొదలైంది, తెరమీద రీడ్ ఎర్రర్స్ అంకె పెరుగుతుంటే నా బీపీ కూడా దాంతోపాటే పెరిగింది. ఒక నిమిషం తర్వాత అదే గెంతి మళ్లీ 70లో పరుగు. మొత్తం మీద రెండుసార్లు డిస్కు ఊడిపోయింది, రెండోసారి నిజంగానే ఎస్‌డీబీ కాస్తా ఎస్‌డీడీ అయింది. బై-ఐడీ సలహా ఇచ్చినవారికి దండం పెట్టాలి. పొద్దున్నకి 99.6 శాతం వచ్చేసింది. మిగతా ముక్క కోసం ఇంకో రెండు రోజులు గీకింది, చివరికి 99.98 దగ్గర ఆగింది. రాకుండా పోయింది దాదాపు 190 ఎంబీ. రిమైనింగ్ టైము మొన్న సాయంత్రం 41 రోజులని చూపించింది, కంగారుపడి ఇక్కడ పోస్టు చేయబోయా, పావుగంటకి 3 గంటలైంది.

ఇమేజ్‌ని రీడ్-ఓన్లీగా మౌంట్ చేస్తే ఫోల్డర్లన్నీ పేర్లతో సహా ఉన్నాయి. ఇప్పుడు నా డౌటు, ఆ 190 ఎంబీ ఏ ఫైళ్లలో ఉందో ఎలా తెలుసుకోవాలి? 2,340 బొమ్మలు ఒక్కోటీ తెరిచి చూడాలా?


పెంగ్విన్_పక్కింటోడు:

శభాష్! అక్కర్లేదు, దానికో చిట్కా ఉంది. డీడీరెస్క్యూలోనే ఫిల్ మోడ్ అని ఉంది. ఎక్కడా కనపడని ఏదైనా మాట ఒక చిన్న టెక్స్ట్ ఫైల్లో రాసి, మ్యాప్ ఫైలు చూపించి నడిపితే, ఇమేజ్‌లో రాని చోట్లన్నిటిలోనూ ఆ మాట నింపుతుంది. ఇది ఇమేజ్ మీద చేసే పని, పాత డిస్కు అవసరమే లేదు. తర్వాత ఫైళ్లలో మాటలు వెతికే గ్రెప్ కమాండుతో ఆ మాట ఏయే ఫైళ్లలో ఉందో వెతికితే దెబ్బతిన్నవాటి జాబితా వచ్చేస్తుంది. 190 ఎంబీలో ఎక్కువ భాగం ఖాళీ జాగాలోనో సినిమాల్లోనో పడి ఉంటుందని నా అంచనా. టెస్ట్‌డిస్క్ అవసరం మీకు పడలేదు, ఫోల్డర్లు బతికాయి కాబట్టి. ఫోటోరెక్ జోలికి ఇప్పుడే పోకండి, అది ఫైళ్లు తెస్తుంది కానీ పేర్లు తేదు, 2,340 పేజీలు పేర్లు లేకుండా వస్తే ఏ పుస్తకంలో ఏ పేజీయో వెతుక్కోవాలి.


లెక్కలమాస్టారి_సంతానం:

చేశా. మొత్తం డిస్కులో 61 ఫైళ్లు దెబ్బతిన్నాయి, అందులో 43 సినిమాలూ పాటలూ. నోటుపుస్తకాల్లో 9 పేజీలు. తొమ్మిదంటే తొమ్మిదే! పేజీ తెరిస్తే పైభాగం చక్కగా ఉంటుంది, ఒక గీత దగ్గర రంగులు చెదిరి, అక్కడి నుంచి కింద అంతా బూడిద రంగు. పదకొండో పుస్తకంలో ఒక పేజీలో "కావున" అని రాసి ఉంది, ఏం కావునో ఇక తెలీదు.


ప్లాటర్_మీద_ధూళి:

జేపెగ్ అంతే, మధ్యలో ఒక ముక్క పోతే ఆ తర్వాతి భాగం విప్పుకోలేదు. కింద సగం ఫైల్లో ఇంకా ఉండొచ్చు, జేపెగ్ రిపేర్ సాధనాలతో కొంత రాబట్టొచ్చు, కానీ రంగులు అటూఇటూ అవుతాయి. మీకు కావాల్సింది అక్షరాలే కదా, ప్రయత్నించండి, కాపీ మీద. దానికంటే తేలిక దారి, ఆ పేజీలు ఎప్పుడైనా ఎవరికైనా పంపారా? మెయిల్లోనో వాట్సాప్‌లోనో?

పాత డిస్కుని ఫార్మాట్ చేసి మళ్లీ వాడాలని మాత్రం అనిపించనివ్వకండి. వారంటీ ఉంటే మార్చి ఇస్తారు, కానీ పాతది వాళ్ల దగ్గరే ఉండిపోతుంది, డేటా తిరిగి ఇవ్వరు. ఆ 9 పేజీల సంగతి తేలేదాకా దాచండి.


లెక్కలమాస్టారి_సంతానం:

ఏడేళ్ల డిస్కుకి వారంటీ ఎక్కడిదండీ. దాచా.

మీరు అడిగాక గుర్తొచ్చింది, స్కాన్ చేసిన రోజుల్లో అక్కకి కొన్ని పేజీలు వాట్సాప్‌లో పంపేదాన్ని. అక్క ఫోన్లో వెతికితే తొమ్మిదిలో నాలుగు దొరికాయి. కుదించిన బొమ్మలే, కానీ చదవొచ్చు. రిపేర్ సాధనంతో ఇంకో రెండు పచ్చరంగులో వచ్చాయి, అక్షరాలు తెలుస్తున్నాయి. ఇక మూడు.

నిన్న నాన్నకి చెప్పేశా. ఆ "కావున" పేజీ ల్యాప్‌టాప్‌లో చూపించా. కళ్లజోడు పైకి నెట్టుకుని బూడిద రంగు మొదలయ్యే దాకా చదివి, "ఇది చుట్టుదారిలే, పదమూడో పుస్తకంలో దీన్ని నాలుగు లైన్లలో తేల్చాను, అది వచ్చిందా లేదా చూడు" అన్నారు. వచ్చింది.